చివరిదాకా విని మూసిన జవాబు

కరోనా తాళాలు తీసిన మరుసటి ఏడు, ఎండలు ముదురుతున్న రోజుల్లో నన్ను తమిళ విభాగం నుంచి తెలుగు విభాగానికి మార్చారు. కోయంబత్తూరులో రైతుల కోసం నడిచే ఒక యాప్ కంపెనీ అది. నా హోదా నాణ్యత అధికారి. పేరు పెద్దదే గాని నా కింద ఎవరూ లేరు. పైన మేనేజరు కవిత గారు ఉండేవారు. ఈ కంపెనీకి రాకముందు నా ఉద్యోగమంతా ఒక నూలు మిల్లు పరీక్షగదిలో గడిచింది. నాకు డిగ్రీ లేదు. సగటు, నమూనా, తేడా అనే మాటల అర్థం నూలు తెంపి బలం చూస్తూ తెలుసుకున్నాను. మిల్లు మూతపడ్డాక, లెక్క తెలిసినవాడు కావాలని ఈ కంపెనీవాళ్ళు వెతుకుతున్నారని విని వెళ్ళాను.

తెలుగు విభాగం మిగతా విభాగాల వంటిది కాదు. అందులో అక్షరాలు ఉండవు, అన్నీ గొంతులే. కోయంబత్తూరు, మదురై చుట్టుపక్కల ఉన్న మా తెలుగు కుటుంబాలు ఎన్ని తరాల కిందట వచ్చాయో మాకే సరిగా తెలియదు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం. నేనే తెలుగు అక్షరాలు పెళ్ళయ్యాక నేర్చుకున్నాను. అందుకని ఆ విభాగంలో ప్రశ్న అడిగేవారు ఫోనులో మాట్లాడి పెడతారు, జవాబు చెప్పేవారూ అంతే. వినేవారు కింద ఉన్న రెండు గుర్తుల్లో ఒకటి నొక్కుతారు. బొటనవేలు పైకి ఉంటే మెచ్చినట్టు, కిందికి ఉంటే మెచ్చనట్టు. సభ్యులు వాటిని పై వేలు, కింది వేలు అనేవారు.

జవాబుల వరుసను యాప్ తానే అమర్చేది. పై వేళ్ళలోంచి కింది వేళ్ళు తీసేసి, ఎక్కువ మిగిలిన జవాబును ముందు పెట్టేది. కింది వేళ్ళు అయిదు ఎక్కువైతే ఆ జవాబు మడతపడేది. అంటే చెరిగిపోదు. చెప్పినవారి పేరుతో ఒక సన్నని గీత మిగులుతుంది, దాన్ని నొక్కితే తెరుచుకుంటుంది. అలా నొక్కేవారు చాలా అరుదు. మడత అనేది శిక్షగా పెట్టింది కాదు. ప్రకటనలు, తిట్లు, ఎన్నికల ఉపన్యాసాలు ఊడ్చి ఒక మూలకు వేయడానికి పెట్టింది.

వారానికి ఒకసారి మడతపడిన వాటిలో కొన్నింటిని ఏరి విని, మడత న్యాయమేనా అని రాయడం నా పని. వరుసను చేత్తో మార్చే అధికారం నాకు లేదు. సేద్యం విషయంలో ఏది సరి, ఏది తప్పు అని కంపెనీ తీర్పు చెప్పకూడదన్నది మొదటి నియమం. మనిషి ప్రాణానికి ముప్పున్న సలహా అయితేనే తీసేయాలి.

నేను చేరిన కొద్ది వారాలకే అన్నూరు నుంచి గోవిందరాజు అనే రైతు ఒక ప్రశ్న పెట్టాడు. గొంతులో కంగారు దాగలేదు.

"అన్నలారా, మా టెంకాయ తోపంతా తెల్ల పూచ్చి పట్టిండాది. ఆకు కింద చూస్తే సున్నం కొట్టినట్టు ఉండాది, ఆకు మీదంతా మసి. మా ఇంటికి ఈ తోపు తప్ప వేరే దారి లేదు. శుక్రవారం మందు కొట్టే బండి వస్తాది, మాట ఇచ్చేసినాను. కొట్టల్లా, వద్దా? ఆలోపల ఎవరన్నా చెప్పండప్పా."

తెల్ల ఈగ అనే ఆ పురుగు అప్పటికి మా జిల్లాలో ఎన్నో తోపులను పట్టింది. ప్రశ్న పెట్టింది సోమవారం. నేను దాన్ని చూసింది మంగళవారం. అప్పటికి రెండు జవాబులు వచ్చి ఉన్నాయి.

పైన ఉన్నది మదురై దగ్గరి వాడిపట్టి ఊరి వెంకటసామి నాయుడు గారిది. డెబ్భై దాటిన మనిషి, జీవితమంతా టెంకాయ పండించినవాడు. విభాగంలో అందరూ ఆయన్ను మామ అనే పిలిచేవారు. గట్టి మందు పేరు చెప్పి, ఆలస్యం చేయకుండా తోపంతా కొట్టమన్నాడు. దానికి నలభైకి పైగా పై వేళ్ళు. కింది వేలు ఒక్కటీ లేదు.

రెండోది మడతలో ఉంది. చెప్పినది పద్మావతి, ఆమెదీ వాడిపట్టే. తెరిచి విన్నాను. మందు కొట్టవద్దు అంటోంది. ఆకు తిప్పి చూడమంది. తెల్లటి పిల్లపురుగుల మధ్య నల్లబడినవి కనిపిస్తే వాటి లోపల గుండుసూది మొనంత కందిరీగ పెరుగుతోందని, అది ఈ పురుగును తినేస్తుందని, మందు కొడితే ముందు చచ్చేది అదేనని చెప్పింది. పురుగు మీద నీళ్ళు వేగంగా కొట్టాలి, పసుపు రంగు రేకులకు జిడ్డు పూసి వేలాడదీయాలి, మసికి గంజి చల్లాలి. ఆ జవాబుకు రెండు పై వేళ్ళు, ఏడు కింది వేళ్ళు.

నేను సేద్యం ఎరిగినవాణ్ణి కాను. ఇద్దరిలో ఎవరిది సరి అని చెప్పగలిగే స్థితిలో లేను. నన్ను ఆపింది వేరే అంకె. గొంతు జవాబును ఎవరు ఎంతసేపు విన్నారో యాప్ లెక్క పెట్టుకుంటుంది. వెంకటసామి గారి జవాబుకు పై వేలు పెట్టినవారిలో చాలామంది దాన్ని వినడం మొదలైనా పెట్టలేదు. పద్మావతి జవాబుకు కింది వేలు పెట్టిన ఏడుగురూ చివరిదాకా విన్నారు. ఇద్దరు రెండోసారి కూడా విన్నారు.

మెచ్చనివాడు సాధారణంగా మధ్యలోనే ఆపేస్తాడు. తమిళ విభాగంలో నేను చూసిన కింది వేళ్ళన్నీ అలాంటివే. అంత శ్రద్ధగా విని కాదన్న ఏడుగురు నాకు అంతకుముందు తగల్లేదు.

పై వేళ్ళ విషయంలో నాకు మిల్లు పద్ధతి గుర్తుకొచ్చింది. నూలు బలం చూడాలంటే కండెలను వేర్వేరు ఫ్రేముల నుంచి, అంటే వేర్వేరు వడికే యంత్రాల నుంచి, ఏరాలి. ఒకే ఫ్రేము మీద నిండిన నలభై కండెలు తెచ్చి తెంపితే అవి నలభై పరీక్షలు కావు, ఒక పరీక్షే నలభైసార్లు చేసినట్టు. ఈ నలభై వేళ్ళు ఎన్ని ఫ్రేముల నుంచి వచ్చాయో నాకు తెలియదు.

కవిత గారి దగ్గరికి వెళ్ళి, మడత విప్పడానికి అనుమతి అడిగాను. ఆమె అంకెలన్నీ ఓపికగా చూశారు. తరువాత, ఒక జవాబును మనం చేత్తో లేపితే రేపటి నుంచి పైన ఉన్న ప్రతి జవాబూ కంపెనీ చెప్పినట్టే అవుతుందని, ఆ తోపు చెడినా బాగుపడినా మన మెడకే చుట్టుకుంటుందని అన్నారు. అది సరైన మాటే. గోవిందరాజు ఫోను నంబరు నా తెర మీదే ఉంది. అదే కారణం చేత దాన్ని వాడడానికి వీల్లేదు. కాని సభ్యులకు ఫోను చేసి, యాప్‌ను ఎలా వాడుతున్నారని అడగవచ్చునన్నారు. ఎవరు ఏ వేలు పెట్టారో నాకు తెలుసని మాత్రం బయటపెట్టకూడదు.

బుధవారం ఉదయం ఆ ఏడుగురిలో ఒకరైన రుక్మిణికి ఫోను చేశాను. నేనూ మన భాషవాణ్ణేనని తెలియగానే ఆమె గొంతు మారిపోయింది. మా ఊరేది, ఇంటిపేరేది అని తెలుసుకున్న తరువాతే నా ప్రశ్న వినడానికి ఒప్పుకుంది. జవాబుల కింద ఉండే పై వేలు దేనికి వాడతారని అడిగాను.

"అది తల చూపించేదానికి కదన్నా," అంది. "పెండ్లికి పోతాము, సావుకు పోతాము, తల చూపించి వస్తాము. పోకుంటే ఏమనుకుంటారు? మామ మాట్లాడినాడంటే అట్లనే, అందరమూ ఒక వేలు పెట్టి వస్తాము."

విని పెడతారా అని అడిగాను.

"వినేదానికి ఏముండాది? మామ గొంతు మాకు కొత్తా? పొద్దున లేస్తే అదే కదా వింటాము!" అని నవ్వింది.

మరి కింది వేలు? అని అడిగాను.

"అది పగవాళ్ళకు పెట్టేదన్నా. మంచివాళ్ళకు ఎవరు పెడతారు? నేను ఒక్కసారే పెట్టినాను. మా పద్మకే."

పద్మావతి ఆమెకు ఆడబిడ్డ. వెంకటసామి గారికి స్వయానా మేనకోడలు. ఈ రెండు సంగతులూ నాకు అప్పుడే తెలిశాయి.

"ఆ పిల్ల ఏమి చేసిందంటే, మామ చెప్పిన దానికి నేరుగా ఎదురు చెప్పేసింది, ఊరంతా వినేచోట. మామ సాయంత్రం కాఫీ తాగి ఫోను ఎత్తుతాడు. వింటే మనసు విరిగిపోదా? పద్మ వాళ్ళ నాయన పోయినాక మమ్మల్ని నిలబెట్టినది ఆయనే. అందుకని నేనే ఇండ్లకు ఫోను చేసి చెప్పినాను, అందరూ ఒక కింది వేలు పెట్టండి, మూసుకుంటాదని. ముందే ఎవరో ఇద్దరు పై వేలు పెట్టేసినారు. వాళ్ళ మూలంగా ఇంకో రెండు ఇండ్లను అడుక్కోవల్సి వచ్చింది. తిట్టలే, చెరపలే. తలుపు దగ్గరికి వేసినట్టు వేసినాము, అంతే."

అందరూ పూర్తిగా విన్నారా అని, ఏమీ ఎరగనట్టు అడిగాను.

"వినకుండా ఎట్ల? మా పిల్ల కదా! బాగా చెప్పిందన్నా. మా తోపులో మేము మందు కొట్టనే లేదు. పద్మ చెప్పినట్టు నీళ్ళే కొడతా ఉండాము."

గోవిందరాజు సంగతి ఎత్తడానికి నాకు నియమం ఒప్పుకోదు. అంతలో ఆమే అంది, ఈసారి నవ్వు లేకుండా.

"అయ్యో! అడిగిన ఆ అన్న ఒకడుండాడే. అన్నూరాయన. ఆయన వినల్ల కదా! మేము మామనే చూసినాము, ఆ మనిషిని ఎవరమూ చూడలే. బండి శుక్రవారమే కదన్నా వచ్చేది? పెట్టిన వేలు తీసేదానికి లేదా?"

లేదు. ఒకసారి పెట్టిన వేలిని గంట తరువాత వెనక్కి తీసుకోవడం కుదరదు. ఓట్లు ఇచ్చిపుచ్చుకోకుండా పెట్టిన నియమం అది. ఒక ప్రశ్నకు ఒకరు ఒకే జవాబు చెప్పాలి, కాబట్టి పద్మావతి మళ్ళీ చెప్పడానికి వీల్లేదు. సభ్యుల నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. మడత విప్పాలంటే దాన్ని తెరిచి పై వేలు పెట్టేవారు కొత్తగా రావాలి. నియమాలు చెప్పడం నా పనే కనుక ఇవన్నీ వరుసగా చెప్పాను. విని, "అయితే పద్మతోనే మాట్లాడల్ల," అని ఫోను పెట్టేసింది.

తరువాత జరిగింది గురువారం సాయంత్రం పద్మావతి నాకు ఫోను చేసి చెప్పింది. నియమాల గురించి మళ్ళీ ఒకసారి అడగడానికి చేసింది గాని, సంగతంతా చెప్పింది.

వదిన వచ్చి ఒప్పుకోగానే ఆమెకు మొదట కోపం వచ్చిందట. తన వాళ్ళే ఏడుగురు తనను కిందికి తోశారని తెలిస్తే ఎవరికైనా వస్తుంది. తన జవాబు మడతపడగానే, చెప్పింది తప్పేమోనని రెండు రోజులుగా తన తోపులో తానే ఆకులు తిప్పి చూసుకుంటోందట. అయినా శుక్రవారానికి ఒక్కరోజే ఉంది. ఇద్దరూ కలిసి మామ ఇంటికి వెళ్ళారు. ఆయన మొదటిసారిగా ఆ జవాబు విన్నాడు, చివరిదాకా.

"ఏమ్మా, దీన్ని వినిపించేదానికి నడిచి వచ్చినావా? ఫోనులో లేదా?"

"ఉండాది మామా. మూసి ఉండాది."

"ఎవరు మూసినారు?"

వదిన వైపు చూడకుండా ఉండడానికి చాలా కష్టపడ్డానని పద్మావతి నాతో అంది. రుక్మిణి తానే చెప్పేసిందట, మీరు బాధపడతారనే మూశామని.

"నేనేమి చక్కెర బొమ్మనా, ఒక మాట పడితే కరిగిపోయేదానికి? నా చెవులు మీరు మూసి, దానికి మరియాద అని పేరు పెట్టినారే!" అన్నాడట ఆయన. తరువాత చెప్పులు వేసుకుని, "రండి, ఆకు చూపించండి," అని తోపులోకి దారి తీశాడు.

ఆయన అప్పటికి తన తోపులో సగం దాకా మందు కొట్టించి ఉన్నాడు. మిగతా సగం కూలీలు దొరక్క ఆగింది. పద్మావతి రెండు వైపుల నుంచీ మట్టలు తీయించి పక్కపక్కన పెట్టింది. మందు కొట్టిన వైపు ఆకు కింద తెల్లటి పురుగు కొత్తగా లేచి ఉంది, నల్లవి దాదాపు లేవు. కొట్టని వైపు నల్లవే ఎక్కువ. ఆయన మట్టను ఎండకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడట.

"ఈ నల్లవి గాలికి వచ్చిన మందుకు చచ్చినవి అనుకొని ఉంటినే!"

"చచ్చినవే మామా. మందుకు కాదు. లోపల ఇంకొకటి పెరగతా ఉండాది."

"అయితే నేను కొట్టింది దాన్నే," అన్నాడు.

ఒకరి జవాబు కింద ఇంకొకరు చిన్న మాట చేర్చవచ్చు, దానికి అడ్డు లేదు. పద్మావతి నన్ను అడగడానికి ఫోను చేసింది ఆ సంగతే. ఆమె ఫోను పెట్టేసిన కొద్దిసేపటికి వెంకటసామి గారి గొంతు ఆమె జవాబు కింద కనిపించింది. తన తోపులో రెండు మట్టలు పక్కపక్కన పెట్టి చూశానని, పద్మావతి చెప్పిందే సరి అని, తన జవాబును ఎవరూ నమ్మవద్దని చెప్పాడు. పై వేలు పెట్టాడు. ఇంటివాళ్ళ ఫోను గుంపులో కూడా ఆ మాట చెప్పి ఉండాలి. ఎందుకంటే వెంటనే ఒకదాని వెంట ఒకటి పై వేళ్ళు రావడం మొదలైంది, మొదట మామ జవాబుకు పెట్టనివారివి కూడా. మడత విడిపోయింది. చీకటి పడే వేళకు పద్మావతి జవాబు మామ జవాబును దాటి పైకి వచ్చింది.

మడత విడిపోతే ప్రశ్న అడిగినవారికి యాప్ కబురు పంపుతుంది. గోవిందరాజు రెండు గొంతులూ విన్నాడు. తరువాత తన మాట చేర్చాడు.

"బండిని వద్దని చెప్పేసినాను. నీళ్ళు కొట్టి చూస్తాను. ఇది తప్పయితే మామ ఇంటికే వచ్చి కూర్చుంటానప్పా, చెప్పినాను."

దాని కింద వెంకటసామి గారి జవాబు చాలా చిన్నది. "రా అప్పా. అన్నం పెడతాము."

మరునాడు కవిత గారు సంతోషంగా ఉన్నారు. మనం చేయి పెట్టకుండానే పద్ధతి తన తప్పును తానే సరిదిద్దుకుందని అన్నారు. ఎవరెంతసేపు విన్నారన్న లెక్కను నేను ఆమె ముందు పెట్టాను. పద్మావతి జవాబుకు కొత్తగా వచ్చిన పై వేళ్ళలో చాలావరకు దాన్ని తెరిచి విననివారివే. మామ వేలు పెట్టిన చోట అందరూ వేలు పెట్టారు. సోమవారం మందు కొట్టమన్న జవాబును పైకెత్తినవారూ, గురువారం వద్దన్న జవాబును పైకెత్తినవారూ చాలావరకు ఒకరే. వెంకటసామి గారు మొండి మనిషి అయి ఉంటే, ఆకు తిప్పి చూడకపోయి ఉంటే, ఆ తోపు సంగతి వేరుగా ఉండేది. ఒక మంచి మనిషి మీద ఆధారపడిన దాన్ని పద్ధతి అనలేమని చెప్పాను. ఆమె చాలాసేపు ఆలోచించి, ఏం మార్చాలో రాసి ఇమ్మన్నారు.

నేను రాసింది చిన్న మార్పే. తెలుగు విభాగంలో రెండు వేళ్ళనూ తీసేసి, వాటి చోట వేరే రెండు గుర్తులు పెట్టాం. ఒకటి, వచ్చి పోయినాను అనేది. దాన్ని ఎప్పుడైనా నొక్కవచ్చు. నొక్కినవారి పేర్లు జవాబు కింద కనిపిస్తాయి గాని జవాబుల వరుసకు దానితో సంబంధం లేదు. రెండోది, చేసి చూసినాను అనేది. జవాబు చివరిదాకా విన్న తరువాతే అది తెరుచుకుంటుంది. వరుసను నడిపేది అదొక్కటే. మడత పెట్టే పని సభ్యుల చేతి నుంచి తీసి, తిట్లకూ ప్రకటనలకూ మాత్రమే, అధికారికి అప్పగించాం.

పెద్దలు నొచ్చుకుంటారేమోనని భయపడ్డాం. నొచ్చుకోలేదు. తమ మాట దగ్గరికి ఎవరెవరు వచ్చారో పేర్లతో చూసుకునే వీలు వాళ్ళకు వేళ్ళకన్నా ఎక్కువ నచ్చింది. రుక్మిణి ఒకసారి ఫోను చేసి, ఇప్పుడు రానివాళ్ళ పేర్లు కూడా తెలిసిపోతున్నాయని, దానితో కొత్త తగవులు వస్తున్నాయని ఫిర్యాదు చేసింది. అది నిజమే. ఆ ఫిర్యాదుకు నా దగ్గర మందు లేదని చెప్పాను. చేసి చూసినాను అన్న గుర్తు అంకెలు చాలా చిన్నవిగా ఉండేవి. చాలా జవాబులకు ఒకటో రెండో. చిన్న అంకెలు చూసి కంపెనీలో కొందరు పెదవి విరిచారు. కాని ఆ ఒకటీ రెండూ వేర్వేరు తోపుల నుంచి వచ్చినవి.

గోవిందరాజు తోపులో ఆ ఏడు కాయ తగ్గింది. చెట్లు నిలిచాయి. వానలు పడ్డాక ఆకు శుభ్రపడిందని తానే చెప్పాడు. అందులో వాన చేసిందెంత, కందిరీగ చేసిందెంత, ఆయన కొట్టిన నీళ్ళు చేసిందెంత అని విడదీసే లెక్క నా దగ్గర లేదు. ఉందని చెప్పేవారిని నమ్మను.

ఓట్ల లెక్క చూడటంలో నాకు ఈ ఒక్క సంగతి మంగళవారం దాకా తెలియదు, శుక్రవారానికి తెలిసింది. జనం దగ్గర ఒకే గుర్తు ఉంటే, తమకు అవసరమైన పనులన్నీ దానితోనే చేస్తారు. పలకరిస్తారు, గౌరవిస్తారు, ఒకరిని ఇంకొకరి కంటపడకుండా కాపాడతారు. అవన్నీ మంచి పనులే కావచ్చు. లెక్కపెట్టేవాడికి మాత్రం అన్నీ ఒకే అంకెలా కనిపిస్తాయి, దాన్నే అతను జనాభిప్రాయం అనుకుంటాడు. ఆ పనులు మానమని జనానికి చెప్పి లాభం లేదు. వాటికి వేరే చోటు చూపించాలి. అందుకే ఆ తరువాత ఉద్యోగం మానేదాకా, ఏ జవాబు పైకి లేచినా కింద పడినా, ఎంతమంది నొక్కారని కాక, నొక్కే ముందు ఎంతసేపు విన్నారని మొదట చూసేవాణ్ణి.